రేడియో నోరు మూసుకున్న పొద్దున

లాండ్రీలో అందరూ ఆమెను రేడియో అనేవాళ్ళు. పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు గానీ, ఆమె ఆ పేరును బిరుదులా మోసింది. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర ఆమె నిలబడిందంటే లోకంలోని సంగతులన్నీ అక్కడికే నడిచొచ్చేవి. చేతులు మడతలు వేస్తూనే ఉండేవి, నోరు మాటలు వేస్తూనే ఉండేది. ఒకదానికోసం ఇంకొకటి ఎప్పుడూ ఆగలేదు.

ఆమె భర్తకు నత్తి. అదే లాండ్రీలో బాయిలరూ, ఉతికే యంత్రాలూ ఆయన చూసుకునేవాడు. ఆయన్ని మౌనస్వామి అనేవాళ్ళు. నిజానికి ఆయన మౌనంగా ఉండే మనిషేం కాదు. చెప్పాలనుకున్నది మొదలుపెట్టేవాడు. పూర్తిచేసే యోగమే ఉండేది కాదు. ఆయన వాక్యంలో మొదటి సగం ఆయనది, మిగతా సగం రేడియోది.

ఇది పెళ్ళయిన కొత్తలో మొదలైంది. ఇద్దరూ కలిసి ఒక దుకాణానికి వెళ్ళారు. ఆయన సబ్బు అడగబోయాడు. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. దుకాణదారు వెనక నిలబడ్డవాళ్ళ వైపు చూసి కన్ను గీటాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్త పెళ్ళికూతురికి ఒళ్ళు మండిపోయింది. "సబ్బు కావాలట, ఇవ్వండి. సబ్బుతో పాటు మీ నోరు కడుక్కోడానికి ఇంకోటి తీసుకోండి" అంది. ఆ పూట ఆయన ఆమె వైపు చూసిన చూపులో ఎంత కృతజ్ఞత ఉందంటే, ఇక జన్మలో ఈ మనిషిని మాట కోసం తడుముకోనివ్వకూడదని ఆమె నిశ్చయించుకుంది. ప్రేమతోనే నిశ్చయించుకుంది. అందులో ఎవరూ వంక పెట్టడానికి లేదు.

అప్పటినుంచి ఆయన నోరు తెరిస్తే చాలు, ఆమె అందుకునేది. చుట్టాలు వచ్చి టీలో చక్కెర ఎంతని అడిగితే "వద్దంటారు" అనేది. గోడలకు ఏ రంగని పెయింటర్ అడిగితే "చిలకపచ్చ అంటారు" అనేది. బస్సులో పక్కసీటు ఆయన బాగున్నారా అని పలకరిస్తే, కడుపులో మంట మొదలుకొని కంటి అద్దాల దాకా భర్త తరఫున వివరంగా జవాబిచ్చేది. ఆయన తల ఊపేవాడు. తల ఊపడానికి నత్తి అడ్డం రాదు కదా.

లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టు కాదు. హోటళ్ళ బల్లగుడ్డలు, ఆసుపత్రుల దుప్పట్లు, హాస్టళ్ళ దిండు గలీబులు బండ్ల మీద వచ్చి, ఉతికి, ఆరి, మడతపడి మళ్ళీ బండ్లెక్కి వెళ్ళే పెద్ద షెడ్డు. యంత్రాలు మొదలయ్యాయంటే చెవి పక్కన అరిచినా వినపడదు. అందుకే లోపల అందరూ చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్ళు. పిడికిలి బిగిస్తే ఆవిరి పెంచమని, అరచెయ్యి కిందికి పెట్టి చూపిస్తే యంత్రం ఆపమని. ఆ సైగల్లో సగం మౌనస్వామి కనిపెట్టినవే. ఆ హోరులో ఆయన రాజు. షెడ్డు ఆ చివరనుంచి ఈ చివరకు గడగడా మాట్లాడేవాడు, జోకులు కూడా వేసేవాడు.

కాకపోతే హోరు మొదలయ్యే ముందు ఒక తతంగం ఉంది. దాన్ని పిలుపు అనేవాళ్ళు. సూపర్వైజరు మూటలు వేరుచేసే బల్ల పక్కన నిలబడి, ఏ సరుకు ఎక్కడినుంచి వచ్చింది, ఏది ఏ యంత్రంలోకి వెళ్ళాలి, దేనితో జాగ్రత్తగా ఉండాలి అన్నీ నోటితో చెప్పాలి. అందరూ చుట్టూ నిలబడి వినాలి. ఆ తర్వాత వినడానికి ఉండదు. అక్కడ ఒక మాట తప్పితే హోటలు బల్లగుడ్డలు వెళ్ళి ఆసుపత్రి మంచాల మీద పరుచుకుంటాయి. ఒకసారి అదీ జరిగింది. కత్తీ ఫోర్కూ బొమ్మలున్న గుడ్డ మీద పడుకోబెట్టేసరికి, ఆపరేషను చేయించుకోవాల్సిన ఒకాయన మంచం దిగి పారిపోబోయాడు.

ఈ పిలుపును ముసలి సూపర్వైజరు ఏళ్ళ తరబడి చెప్పాడు. అందరికీ ఆయన బాబాయి. చివరికి ఆయన మోకాళ్ళు చేతులెత్తేశాయి. ఇక రాలేనన్నాడు.

లాండ్రీ యజమానురాలు తిన్నగా మడతల బల్ల దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, యంత్రాలు ఆగి ఉన్నాయి. మౌనస్వామి భార్య పక్కన కూర్చుని డబ్బా మూత పెడుతున్నాడు.

"బాబాయి మానేస్తున్నారు. ఆ పని మీరు చేస్తారా? ఈ మెషిన్ల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాకపోతే పిలుపు కూడా మీరే చెప్పాలి" అందామె.

ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నాకు... మేడమ్... ఆ ప... ప..."

రేడియో ఆయన మెడ మీద నరం ఉబ్బడం చూసింది. అటు ఇస్త్రీ ప్రెస్ దగ్గర కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పడం చూసింది. ఏనాటిదో దుకాణంలోని కిసుక్కు మళ్ళీ చెవిలో వినపడింది.

"ఆ పని వద్దంటున్నారండీ. ఆయనకి బాయిలర్ దగ్గరే హాయి. రోజూ అంతమంది మధ్య నిలబడి పిలుపు చెప్పడమంటే మాటలా? మీరు అడిగారు, అదే మాకు పదివేలు" అంది.

మేడమ్ ఆయన వైపు చూసింది. ఆయన నోరు ఇంకా కొంచెం తెరుచుకునే ఉంది. మెల్లగా మూసుకుంది. తల మాత్రం ఊపలేదు. అది రేడియో గమనించలేదు. ఆమె అప్పటికే ఆయన చెయ్యి తట్టి, పీడా వదిలిందన్నట్టు నవ్వుతోంది.

"సరే అయితే, ప్రెస్ బావని అడుగుతాను" అని మేడమ్ వెళ్ళిపోయింది. ప్రెస్ బావ అంటే ఆవిరి ఇస్త్రీ యంత్రం నడిపే ఆయన. అందరితో వరసలు కలుపుతాడు కాబట్టి అందరికీ బావే అయ్యాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన ఏమీ మాట్లాడలేదు. రోజూ ఏం మాట్లాడేవాడు గనక. రేడియోకి తేడా తెలియలేదు. అన్నం వడ్డిస్తూ ప్రెస్ బావ సూపర్వైజరైతే ఎవరెవరు ఏడుస్తారో, ఎవరెవరు ఎగురుతారో పూసగుచ్చినట్టు చెప్పింది.

తేడా మేడ మీద తెలిసింది. ఆరిన దుప్పట్లు ఇద్దరూ కలిసి మడతపెట్టడం వాళ్ళకు అలవాటు. వాళ్ళ పరిచయం మొదలైందే అలా, లాండ్రీలో ఒకే దుప్పటికి చెరో కొస పట్టుకుని. ఒకళ్ళ వైపు ఒకళ్ళు నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి. అందులో మాటల అవసరమే లేదు. ఆ రోజు రేడియో దుప్పటి విప్పి ఒక అంచు పట్టుకుని, రెండో అంచు అలవాటుగా గాలిలోకి విసిరింది. పట్టుకోవాల్సిన చేతులు రాలేదు. దుప్పటి నేల మీద పడింది. తల ఎత్తి చూస్తే ఆయన పిట్టగోడ దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆమె పిలిచేలోపే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఏమైంది ఈయనకి? ఒంట్లో బాలేదా?" అంది రేడియో.

మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న కూతురు పుస్తకం మూసింది. కాలేజీకి వెళ్తున్న పిల్ల. తల్లి నోరు రాలేదు, తండ్రి ఓపిక వచ్చింది.

"అమ్మా, నాన్నకి ఆ పని కావాలి."

"ఏ పని?"

"సూపర్వైజర్ పని. బాబాయి మానేస్తారని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడ పిలుపు ప్రాక్టీస్ చేస్తున్నాడు. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు. నేనూ, ఈ ఆరేసిన దుప్పట్లూ వినేవాళ్ళం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాడు. నువ్వు మధ్యలో అందుకుని, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్దాం అంటున్నారా అన్నావ్. మర్నాడు తీసుకెళ్ళావ్ కూడా."

రేడియో నేల మీద పడిన దుప్పటి మీదే కూలబడింది. ఆయన వద్దనలేదు. వద్దన్నది తను. "ఆ ప... ప..." తర్వాత ఆయన ఏం చెప్పబోయాడో ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికేముంది, తనకు తెలుసు కదా అనుకుంది.

"ఇంకేం తప్పు చెప్పానే నేను?" అంది చివరికి.

కూతురు తటపటాయించింది. "టీలో చక్కెర."

"అయ్యో."

"గోడల రంగు కూడా. లేత నీలం అనబోయాడట."

"ఇన్నేళ్ళూ ఆ చిలకపచ్చ గోడల మధ్య చక్కెర లేని టీ తాగుతున్నారా ఆయన?" అంది రేడియో. నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. "నీతో మాట్లాడతారా? పూర్తిగా?"

"మాట్లాడతాడు. నేను ఏమీ చెయ్యను అమ్మా. ఆయన మాట వచ్చేదాకా జడ అల్లుకుంటూ కూర్చుంటానంతే."

రేడియో కిందికి వెళ్ళింది. ఆయన చిలకపచ్చ గోడకు ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే మొదలుపెట్టింది. తప్పైపోయిందంది, బుద్ధి గడ్డి తిన్నదంది, తనంత మూర్ఖురాలు ప్రపంచంలో లేదంది, పొద్దున్నే తనే వెళ్ళి మేడమ్ కాళ్ళ మీద పడి అయినా సరే ఆ పని ఇప్పిస్తానంది. ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. క్షమాపణలో కూడా ఆయనకు దూరడానికి సందు ఇవ్వలేదు.

ఆయన అరచెయ్యి కిందికి పెట్టి చూపించాడు. యంత్రం ఆపమని సైగ.

రేడియో ఆగింది. లాండ్రీలో ఆ సైగకు ఆగకపోతే వేళ్ళు పోతాయి కాబట్టి, ఆమె ఒంటికి ఆ భయం ఉంది.

"భ..." అన్నాడాయన. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. రేడియో నాలుక చివర మాటలు బారులు తీరాయి. భయమా, భారమా, భరించలేకపోతున్నానా. ఒక్కోదాన్నీ మింగింది. చేతులకు పని లేక చీర కుచ్చిళ్ళు పట్టుకుని మడతలు వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. గోడ గడియారం తన మానాన తను కొట్టుకుంది. ఆ కాసేపూ ఆమె ఆయన ముఖం వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ ముఖాన్ని ఇలా చూడనే లేదని అప్పుడు తెలిసింది. మాట ఆగగానే ఆమె కళ్ళు ఎప్పుడూ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు వెళ్ళేవి, ఎవరు నవ్వుతున్నారో చూడడానికి. ఆ ముఖంలో ఆమె ఊహించుకున్న నరకం లేదు. పని చేస్తున్న మనిషి ముఖం అది. బరువైన మూట ఎత్తేవాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"భయం నాది కాదు" అన్నాడాయన. "నీది."

రేడియో కుచ్చిళ్ళు వదిలేసి ఆయన ఎదురుగా కూర్చుంది.

ఆయన ఇంకా చెప్పాడు. చాలాసేపు పట్టింది. నత్తితో బతకడం తనకు అలవాటేనట. నవ్వేవాళ్ళు నవ్వుతారు, కాసేపటికి వాళ్ళకే విసుగు పుడుతుందట. కానీ తను తడబడినప్పుడల్లా భార్య ముఖం పాలిపోవడం చూడలేక, ఆమె ఏది చెబితే దానికి తల ఊపడం మొదలుపెట్టాడట. ఆమె ఆయన్ని కాపాడుతున్నానని అనుకుంది. ఆయన ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక మనిషి నోరు నొక్కేశారు.

"అయితే పొద్దున నేను మేడమ్‌తో..." అని రేడియో మళ్ళీ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. ఆయన కళ్ళెగరేసి చూశాడు. ఆమె నాలుక కరుచుకుంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన ఒక్కడే మేడమ్ గదిలోకి వెళ్ళాడు. గదికి గాజు తలుపు. బయట రేడియో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. లోపల ఆయన భుజాలు కదలడం, మేడమ్ కలం పక్కన పెట్టి వినడం కనపడింది. మొదట ఆవిడ తల అడ్డంగా ఊపింది. రేడియో చెయ్యి తలుపు పిడి మీదకు వెళ్ళింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది.

ఆయన బయటికొచ్చాడు, వెనకే మేడమ్.

"ప్రెస్ బావకి మాటిచ్చేశాను మరి" అంది మేడమ్ అందరికీ వినపడేలా. "కానీ ఈయన ఒక్క పిలుపు చెప్పనివ్వమంటున్నారు. ఈ రోజు పిలుపు ఈయనది. విన్నాక చూద్దాం."

షెడ్డంతా గుసగుసలు లేచాయి. ప్రెస్ బావ చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. బాబాయి కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్నాడు. రేడియో ఎప్పుడూ భర్త పక్కనే నిలబడేది. ఆ రోజు వెళ్ళి జనంలో, వెనక వరసలో నిలబడింది. అక్కడికి వెళ్ళడానికి ఆమెకు కాళ్ళు రాలేదు, అయినా వెళ్ళింది.

ఆయన బల్ల పక్కన నిలబడ్డాడు. హోటలు బల్లగుడ్డలతో మొదలుపెట్టాడు. తడబడ్డాడు, దాటాడు. నోటితో చెబుతూనే చేత్తో సైగ కూడా చేశాడు. ఏ మూట ఎటు వెళ్ళాలో చెవి వినేలోపే కన్ను చూసేసింది. హాస్టలు గలీబులు అయ్యాయి. మధ్యలో ఎవరో దగ్గారు, ఎవరో కాళ్ళు మార్చుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

చివరికి ఆసుపత్రి సరుకు. అందులో ఎర్ర సంచులు ఉంటాయి. రక్తం మరకల గుడ్డలు, ఒక్కోసారి పొరపాటున సూదులు కూడా వచ్చేవి అందులోనే. బాబాయి రోజూ పిలుపు చివర "ఎర్ర సంచులు చేత్తో విప్పొద్దు" అనేవాడు. మరి ఎవరు విప్పాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు. తీరా చూస్తే, ఎవరు కొత్తగా పనిలో చేరితే వాళ్ళ నెత్తిన పడేది ఆ పని. ఆ నెల ఆ కొత్త మనిషి పక్కవీధినుంచి వచ్చే ఒక బక్కపల్చని అమ్మాయి. ఎర్ర సంచి పేరు చెబితేనే ఆ పిల్ల చేతులకు చెమటలు పట్టేవి.

"ఎర్ర సంచులు..." అన్నాడాయన. "వి... వి..."

మాట ఆగిపోయింది. మెడ మీద నరం ఉబ్బింది. అప్పుడు జరిగింది ఆ విచిత్రం. ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారిగా తలలు తిప్పి రేడియో వైపు చూశారు. ప్రెస్ బావ చూశాడు, బాబాయి చూశాడు, మేడమ్ కూడా చూసింది. ఏళ్ళ తరబడి అలవాటు. ఆయన మాట ఆగితే ఆమె మాట రావాలి.

మాట ఆమె నాలుక మీదే ఉంది. విప్పొద్దు. పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. ఆ మాట అనేస్తే ఒక్క క్షణంలో ఈ నరకం అయిపోతుంది. పక్కనున్నామె ఆగలేక "విప్ప..." అని అందుకోబోయింది.

రేడియో చెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి కిందికి పెట్టి చూపించింది.

పక్కనున్నామె నోరు టక్కున మూసుకుంది. రేడియో తలెత్తింది. జనం వైపు చూడలేదు, ఎవరు నవ్వుతున్నారో వెతకలేదు. ఆయన వైపే చూసింది, ఎంతసేపైనా పర్వాలేదన్నట్టు. బల్లకు అటువైపు నుంచి ఆయన కూడా ఆమెనే చూస్తున్నాడు. ఈసారి ఆమె ముఖం పాలిపోలేదు.

"వి... విప్పేది ఇకనుంచి నేనే" అన్నాడాయన. "కొత్తవాళ్ళు ఎవరూ ముట్టుకోవద్దు. ఆ పని సూపర్వైజరుది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి ఆ వాక్యం చివర ఏముంటుందో అందరికీ తెలుసు. అక్కడ వేరే మాట ఉంటుందని ఎవరూ అనుకోలేదు. రేడియో గనక నోరు తెరిచి ఉంటే, ఆ పిల్ల రేపు కూడా చెమట చేతులతో ఆ సంచుల ముందు నిలబడేది. ఇంత మంచి మాటను పుట్టకముందే తను చంపేసి ఉండేది. ఇన్నేళ్ళలో అలాంటివి ఎన్ని పోయాయో అనుకుంటే దుఃఖం వచ్చింది, ఇదొక్కటి దక్కిందని పొంగిపోయింది కూడా.

కొత్తగా చేరిన అమ్మాయి ముఖం చేతుల్లో దాచుకుంది. బాబాయి కుర్చీలోంచి "నాకీ మాట ఎందుకు తట్టలేదురా" అన్నాడు, తనలో తనే.

ప్రెస్ బావ కట్టుకున్న చేతులు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"హోటలు బల్లగుడ్డలు ముందా, గలీబులు ముందా, సూపర్వైజరు గారూ?" అని అడిగాడు.

ఆయన జవాబు చెప్పాడు. ప్రెస్ బావ ఆ జవాబు వచ్చేదాకా నిలబడి విని, తలూపి, తన యంత్రం దగ్గరికి వెళ్ళాడు. ఇక మేడమ్ చూడాల్సిందేమీ మిగల్లేదు. "బాబాయి పిలుపు కంటే త్వరగా అయిపోయిందే" అని మాత్రం అంది. అవును మరి, బాబాయి పిలుపులో సగం ఆయన మోకాళ్ళ సంగతే ఉండేది.

కొత్త సూపర్వైజరు చెయ్యి పైకెత్తి తిప్పాడు. యంత్రాలు ఒక్కొక్కటే లేచాయి. ఆ హోరులో రేడియో గొంతెత్తి ఏదో అరిచింది. ఏమరిచిందో ఎవరికీ వినపడలేదు. అప్పటికప్పుడు బల్ల మీదున్న దుప్పట్లన్నీ గాలిలోకి ఎగరేసిందని మాత్రం అందరూ చూశారు. వాటిని మళ్ళీ మడతపెట్టడానికి మధ్యాహ్నం దాటింది.

ఆ సాయంత్రం మేడ మీద రేడియో దుప్పటి విప్పి రెండో అంచు విసిరింది. ఆయన పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకళ్ళ వైపు ఒకళ్ళు నడిచారు.

"మీరు ఈ రోజు..." అంది రేడియో. అన్ని మాటలు వచ్చిన మనిషికి ఆ పూట ఒక్కటీ రాలేదు. ఆయనకు ఆమె ఏం చెప్పబోతోందో తెలుసు. అయినా అందుకోలేదు. దుప్పటి కొసలు పట్టుకుని, తొందరేం లేదన్నట్టు నిలబడ్డాడు. తన కోసం ఒక మనిషి అలా నిలబడి ఆగడం ఆమెకు అదే మొదటిసారి. అది ఎంత బాగుంటుందో కూడా అప్పుడే తెలిసింది.

"చాలా బాగా చెప్పారు" అంది చివరికి. ముక్కు తుడుచుకుంది. "నేను ఇన్నేళ్ళు తప్పు చెప్పినవన్నీ ఇప్పుడు చెప్పండి. సరిచేస్తాను. గోడలతో మొదలుపెడదాం."

"గో... గోడలు" అన్నాడాయన. రేడియో పెయింటరును పిలవడానికి మనసులోనే సగం దూరం వెళ్ళిపోయింది, మళ్ళీ తనంతట తనే వెనక్కి వచ్చి ఆగింది. "గోడలు ఉండనీ. అలవాటైపోయింది. ఇప్పుడు నీలం వేస్తే ఎవరింటికో వచ్చినట్టుంటుంది."

మెట్ల మీద కూతురు పకపకా నవ్వింది.

"టీలో చ... చక్కెర మాత్రం..." అని ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

అక్కడ ఆగాడు. రేడియో దుప్పటి కొస పట్టుకుని ఎదురుచూస్తోంది. కూతురు జడ అల్లుకుంటోంది. ఆ వాక్యం చివర ఏముందో మనకు తెలుసని అనిపిస్తుంది గానీ, ఆయనే చెబుతాడు, ఆగుదాం.